పెట్టె కారుకు మూడు అలలు

ముత్యాలయ్య పడవ అమ్మి పెట్టె కొన్నాడని పాలెమంతా నవ్వుకుంది.

నవ్వుకునేట్టే ఉంది ఆ కారు కూడా. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక కాళ్లు ముడుచుకుంటే ఇంకో ఇద్దరు. ముక్కు లేదు, తోక లేదు. జువ్వలదిన్నె హార్బరులో చేపల లారీ పక్కన నిలబెడితే, లారీలోంచి జారిపడ్డ ఐసు పెట్టెకు ఎవరో చక్రాలు తగిలించినట్టు కనిపించేది. కరెంటుతో నడుస్తుంది. పొగ రాదు, చప్పుడు రాదు. ధర నాలుగు లక్షల ఎనభై వేలు.

"ఆ డబ్బుకి ఇంజనుతో సహా పడవ వస్తాది," అన్నాడు వేలం పాడే పెద్దాయన.

"ఉన్న పడవను అమ్మే గదా ఇది కొన్నది," అన్నాడు పక్కనున్నవాడు. "అది గంపలకు గంపలు చేప మోసింది. ఇదేం మోస్తాది?"

"మా ఆయన్ని మోస్తాది," అంది వనజాక్షి, గంపలో కానాగంత చేపలు సర్దుకుంటూ. "అది చాల్లే మాకు."

ఆ తర్వాత ఆమె ముందు ఎవరూ నవ్వలేదు.

ముత్యాలయ్యకు రెండు కిడ్నీలూ చెడిపోయి ఏడాదిన్నర అయింది. సోమ, బుధ, శుక్రవారాలు కావలిలో నాలుగేసి గంటలు డయాలసిస్ మిషను పక్కన పడుకోవాలి. అక్కడ డబ్బు కట్టే పని లేదు. అక్కడికి చేరడమే కష్టం. పాలెం నుంచి కావలికి ఇరవై కిలోమీటర్ల పైమాటే. మిషను దగ్గర్నుంచి లేచిన మనిషికి బస్సు కోసం నిలబడే ఓపిక ఉండదు. అందుకని మొదటి ఏడాదంతా గంగులయ్య ఆటోయే గతి అయింది.

జూలైలో ఒకరోజు తిరిగి వచ్చేటప్పుడు ముత్యాలయ్య ఆటోలోనే వాంతి చేసుకున్నాడు. గంగులయ్య ఇంటిదాకా పోనివ్వలేదు. వలలు బాగుచేసుకునే పందిరి ముందు, ఇరవైమంది చూస్తుండగా ఆపేశాడు.

"కడిగి పొండక్కా. నాకు పెళ్లి బాడుగుండాది. ఈ కంపులో ఎవురెక్కుతారు?"

వనజాక్షి బోరింగు దగ్గర నీళ్లు పట్టుకొచ్చి సీటు కడిగింది, కింద కడిగింది. అంతసేపూ ముత్యాలయ్య ఆటో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఇరవై రెండేళ్లు సొంత పడవ ముందు భాగంలో నిలబడినవాడు. పందిరి కింద కూర్చున్నవాళ్లలో సగంమంది అతని మాట మీద వల లాగినవాళ్లే. వాళ్లు తలలు వంచుకుని చేతిలో వలను మరింత దగ్గరగా చూసుకున్నారు. తిట్టినా బాగుండేది అతనికి.

ఆ పూట అన్నం ముందు కూర్చుని, "పడవ అమ్మేద్దాం," అన్నాడు.

"అమ్మి?"

"నా పడవలో నన్ను దిగమన్నోడు ఎవుడూ లేడు. అట్టాంటిది ఇంకోటి కొందాం."

"అందులో వాంతి వస్తే?"

"నా బండి. నా వాంతి. మధ్యలో నీకేంది?" అన్నాడు. జబ్బు పడ్డాక అతను వేళాకోళం ఆడటం అదే మొదటిసారి. వనజాక్షికి ఇంక ఎదురు చెప్పబుద్ధి కాలేదు.

కారు నడపడం ఆమె కావలిలోనే నేర్చుకుంది. అతను మిషను దగ్గర పడుకున్న నాలుగు గంటల్లో ఒక గంట డ్రైవింగ్ స్కూలుకు పోయేది. నలభై ఆరేళ్ల మనిషి, చేపల బేరం తప్ప ఇంకోటి ఎరగని మనిషి, నెలన్నరలో లైసెన్సు తెచ్చుకుంది. ఈ చిన్న కారుకు గేర్లు కూడా లేవని తెలిశాక, "ఇందులో ఒక కాలికి పనే లేదే" అని ఆశ్చర్యపోయింది.

కారు ఇంటికొచ్చిన రోజు ముత్యాలయ్య తల్లి పోలేరమ్మ చెంబుతో సముద్రపు నీళ్లు తెచ్చింది.

ఆ పాలెంలో ఏ కొత్త పడవైనా వేటకు పోకముందు మూడు అలలు తినాలి. ముక్కుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, నీళ్లలోకి దించి, మూడు అలలు వరసగా తగిలేదాకా అందరూ పట్టుకుని నిలబడతారు. మొదటి అలతో గంగమ్మను అడుగుతారు. రెండో అలతో ఆమె ఒప్పుకుంటుంది. మూడో అలతో మాటిస్తుంది. మూడోది తగలకుండా వెనక్కి లాగిన పడవలో ఎవరూ కాలు పెట్టరు.

"రోడ్డు మీద తిరిగేదానికి చెంబుడు నీళ్లు చల్లితే చాలమ్మీ," అంది పోలేరమ్మ.

వనజాక్షి ఒప్పుకోలేదు. "పడవ అమ్మిన డబ్బత్తా ఇది. పడవకు ఇప్పించిన మాట దీనికి ఇప్పించొద్దా? ఇందులో పొయ్యేది నీ కొడుకు."

ముసలామె కొడుకు మొహం చూసి చెంబు కింద పెట్టేసింది.

పడవలను లాగే ట్రాక్టరు దిగేచోట ఇసక గట్టిగా ఉంటుంది. వనజాక్షి కారును అక్కడికి నడిపింది. పాలెమంతా వెనకే వచ్చింది. మొదటి అల ముందు చక్రాలను తడిపి పోయింది. రెండోది చక్రాల సగందాకా వచ్చింది. "చాల్లే వదినా" అని ఎవరో అరిచారు. ఆమె స్టీరింగు గట్టిగా పట్టుకుని కూర్చుంది. మూడో అల లేస్తుండగానే దాని కొలత ఆమెకు తెలిసింది. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. అయినా వెనక్కి రాలేదు. అది తలుపు అంచుదాకా వచ్చి కారు కిందికి దూరి, వెనక చక్రాలను ఒక్క క్షణం పైకెత్తి వదిలింది.

"తేలిందిరోయ్, పెట్టె తేలింది," అని మగవాళ్లు కేకలేసి, ఇరవై చేతులతో వెనక్కి నెట్టారు. కాళ్లకింద పట్టా తడిసింది. వనజాక్షి మంచినీళ్లు కొట్టి కడిగి, ఎండలో తలుపులు తెరిచిపెట్టింది. సాయంత్రం కారు ఏ పేచీ లేకుండా నడిచింది. ఇంకేం కావాలి?

ఆ తర్వాత మూడు నెలలు ఆ ఇంట్లో వెలుతురుగా గడిచాయి. పొద్దున్నే ముత్యాలయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని తన బండిలో తను కూర్చునేవాడు. పందిరి ముందుకు రాగానే అద్దం దించి, "ఏరా, గాలెట్టుండాది?" అని అడిగేవాడు. తిరిగొచ్చేటప్పుడు సీటు వెనక్కి వాల్చుకుని, నోరు తెరుచుకుని నిద్రపోయేవాడు. కారు ఆగినా నడిచినా చప్పుడులో తేడా ఉండదు కాబట్టి, ఇంటిముందు ఆపినా అతనికి మెలకువ వచ్చేది కాదు. లేపడానికి మనసొప్పక వనజాక్షి ఒడిలో చేతులు పెట్టుకుని పక్కనే కూర్చునేది. పోలేరమ్మ వచ్చి అద్దంలోంచి చూసి, వేలు నోటిమీద పెట్టుకుని వెళ్లిపోయేది.

నవంబరులో వానలు మొదలయ్యాయి. ఒక సోమవారం కావలి నుంచి వస్తుంటే స్టీరింగు ముందున్న తెరమీద పసుపురంగు తాబేలు బొమ్మ వెలిగింది. కారు నత్తనడక పట్టింది. ఇంటిముందు ఆగాక పోలేరమ్మ ఆ బొమ్మ చూసి దణ్ణం పెట్టుకుంది. వలలో తాబేలు పడితే బొట్టుపెట్టి వదిలే మనుషులు వాళ్లు. వనజాక్షి మాత్రం షోరూముకు ఫోన్ చేసింది. ఆ బొమ్మ వస్తే బండికి ఒంట్లో బాగాలేదని అర్థమని కొన్నరోజే చెప్పారు.

మంగళవారం నెల్లూరు నుంచి ఫ్రెడ్డీ అనే మెకానిక్కు మోటారు సైకిలు మీద వచ్చాడు. పాతికేళ్ల కుర్రాడు. పందిరి పక్కన కారు నిలబెట్టి, ఏదో వైరు తగిలించి, తన చేతిలోని పలకవంటి దాన్ని చాలాసేపు చూశాడు.

"అక్కా, ఒక మాట సూటిగా అడుగుతా. బండి ఎప్పుడన్నా నీళ్లల్లో దిగిందా?"

"ఎందుకు నాయనా?"

"దిగుంటే కింద బ్యాటరీ డబ్బా ఇప్పాల. నెల్లూరు తీసుకపోవాల, వారం పడతాది. గ్యారంటీ కూడా ఉండదు. దిగకపోతే ఏ బాధా లేదు, అన్నీ కంపెనీయే చూసుకుంటాది."

వారం అంటే మూడుసార్లు. మూడుసార్లు ఎవరి బండిలో?

"లేదు," అంది వనజాక్షి.

"సముద్రం ఇంత దగ్గరుండాది గదా, అందుకని అడిగినా."

"సముద్రం మాకు దగ్గర, బండికి కాదబ్బాయా," అన్నాడు పందిరి కిందనుంచి ఒకడు. "అది అటువైపు తల తిప్పి కూడా చూళ్లా."

"కాళ్లు కడుక్కోను కూడా పోదు, భయం దానికి," అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. ఫ్రెడ్డీ కూడా నవ్వాడు. మూడు నెలల కిందట ఆ కారును నెట్టిన చేతులే అవన్నీ. ఫ్రెడ్డీ ఏవో మీటలు నొక్కి తాబేలును పోగొట్టి, టీ తాగి వెళ్లిపోయాడు.

టీ కొట్టు దగ్గర ఆటో ఆపుకుని ఇదంతా చూస్తున్న గంగులయ్య, ఆమె గంపతో అటు వచ్చినప్పుడు మెల్లిగా అన్నాడు. "ఆ పిల్లోడికి ఉన్నమాట చెప్పుంటే మేలేమో అక్కా. రోగం దాస్తే మందు యాడ పడతాది?"

"బాడుగ పొయ్యిందని ఏడుస్తుండావా గంగులయ్యా?"

అతను గ్లాసులోకి చూసుకున్నాడు.

బుధవారం కారు పాలెం దాటి రెండు కిలోమీటర్లు కూడా పోకుండా తాబేలు చూపించి ఆగిపోయింది. ట్రాక్టరుతో ఇంటికి లాక్కొచ్చారు. వానకు బస్సు రాలేదు. గంగులయ్యను పిలుస్తానంటే ముత్యాలయ్య గోడవైపు తిరిగాడు.

"వాడి ఆటో ఎక్కేదానికంటే ఒకసారి మానుకుంటా. ఏం కాదులే."

డయాలసిస్ సెంటరులో హరినాథ్ అని ఒక టెక్నీషియను ఉన్నాడు. ఫోన్ చేస్తే అతను కోప్పడలేదు. అది ఇంకా భయం కలిగించింది. "శుక్రవారం ఎట్టాగైనా తీసుకురామ్మా. నీళ్లు బాగా తగ్గించు. పళ్లు వద్దు. ఉప్పు ఒక్క రవ్వ కూడా పెట్టొద్దు. ఉప్పు లోపలికి పోతే నీళ్లను పట్టేస్తుంది, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతాయి."

గురువారం కాస్త ఎండ వచ్చింది. కారు దానంతటదే బాగయిపోయింది. పోలేరమ్మ దానికి హారతి ఇచ్చింది. ముత్యాలయ్య కాళ్లు మాత్రం వేలు పెడితే గుంటపడేట్టు ఉబ్బాయి. ఆ రాత్రి అతను పడుకోలేకపోయాడు. గోడకు ఆనుకుని కూర్చుంటే తప్ప ఊపిరి ఆడలేదు.

శుక్రవారం తెల్లారేసరికి మళ్లీ వాన. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, ఉన్నది కాన్పు కేసుతో నెల్లూరు పోయిందనీ, తిరిగొచ్చేసరికి రెండు గంటలైనా పడుతుందనీ చెప్పారు. వనజాక్షి మొగుణ్ణి కార్లో కూర్చోబెట్టి బయల్దేరింది. తాబేలు లేదు. ఒక మైలు పోయింది. రెండు మైళ్లు పోయాయి. ప్రతి మలుపుకూ ఆమె గంగమ్మను తలుచుకుంది. మూడో అలతో మాటిచ్చావు తల్లీ, మూడో అలతో మాటిచ్చావు.

రొయ్యల గుంటల మధ్య, మనిషి కనపడని చోట, తాబేలు వెలిగింది. ఆ వెంటనే తెర మొత్తం ఆరిపోయింది. అద్దం తుడిచే పుల్ల సగంలో నిలబడిపోయింది. కారు తన బరువుకు తాను కాస్త దూరం దొర్లి ఆగింది. అద్దాలు దిగలేదు. చల్లగాలి ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు ముత్యాలయ్య. ఆ ఒక్క మాట మధ్యలోనే అతను ఒకసారి ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

"ఏం లేదయ్యా. నువ్వు మాట్లాడబాకు." ఆమె తన వైపు తలుపు తెరిచింది. వాన లోపలికి కొట్టింది. గాలి కూడా వచ్చింది, అది చాలు. ఫ్రెడ్డీకి ఫోన్ చేసింది.

"భయపడబాకక్కా. బండి ఆపి, తలుపులన్నీ మూసి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ ఆన్ చెయ్."

తలుపు మూసింది. రెండు నిమిషాలు. మూసిన పెట్టెలో ముత్యాలయ్య ఛాతీ బుగబుగమని చప్పుడు చేసింది, నీళ్లలో ముంచిన కడవలా. ఆన్ చేసింది. ఏమీ లేదు.

"ఇంకోసారి చెయ్ అక్కా. మొన్న వచ్చింది గదా. పైపై సమస్యే అది, వస్తాది."

మళ్లీ మూసింది. మళ్లీ రెండు నిమిషాలు. అతను ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. అప్పుడే సీటు కిందనుంచి కాలిన ప్లాస్టిక్కు వాసన సన్నగా వచ్చింది.

ఇంకొక్కసారి చేస్తే వస్తుందేమో. ఫ్రెడ్డీ అదే అంటున్నాడు. కానీ ఫ్రెడ్డీ వెతుకుతున్నది లేని జబ్బు కోసం. ఆ సంగతి ఫ్రెడ్డీకి తెలియదు. ఆమెకు తెలుసు.

"ఫ్రెడ్డీ," అంది. "సముద్రంలో దించినా. కొన్న రోజే. మూడు అలలు పెట్టించినా. మూడోది తలుపుదాకా వచ్చింది."

ఫ్రెడ్డీ ఇంక ఆన్ చెయ్యమనలేదు.

"వాసనేమన్నా వస్తుందా అక్కా?"

"వస్తుండాది."

"ఆయన్ని దించు. ఇప్పుడే దించు. ముప్పై అడుగులు దూరం పో. మళ్లీ దాని దగ్గరికి రాబాకు, సంచీ కోసం కూడా రాబాకు. అర్థమైందా? ఫోను పెట్టేసి ముందు దించు."

ముత్యాలయ్య నడవలేకపోయాడు. ఆమె వీపు తిప్పి అతని చేతులు తన మెడచుట్టూ వేసుకుని, తడిసిన వలను మోసినట్టు మోసింది. ఒకప్పుడు వల ఇంతకంటే బరువుండేది. రొయ్యల మేత దాచుకునే రేకుల కొట్టం గుంట గట్టున ఉంది. దాని చూరు కింద అతన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టింది. వెనక్కి తిరిగి చూస్తే కారు కిందనుంచి తెల్లటి పొగ వానలోకి పాకుతోంది. పెద్దగా చప్పుడేమీ లేదు, పెనంమీద నీళ్లు చిలకరించినట్టు ఒక చిటపట. అతను కూడా అటే చూస్తున్నాడు. అతని మొహంలో ఏముందో ఆమె చూడలేకపోయింది.

రోడ్డు మీద ఎవరూ రాలేదు. ఒక రొయ్యల లారీ వచ్చి, పొగ చూసి, దూరంనుంచే వెనక్కి తిప్పుకుని పోయింది. ఆమె చీరకొంగు ఊపుతూ పరిగెత్తినా ఆగలేదు.

ఫోన్లో గంగులయ్య నంబరు ఇంకా ఉంది. తీసేయాలని చాలాసార్లు అనుకుంది. తీసేయడం ఎట్లాగో తెలియక ఉండిపోయింది.

"గంగులయ్యా, నేను వనజాక్షిని..."

"తెలుసక్కా. పేరు పడతాది గదా. యాడుండారు?"

ఆమె చెప్పింది. అతను సరే అని కూడా అనలేదు. ఫోను పెట్టేశాడు. వస్తాడో రాడో తెలియలేదు. ఆమె ముత్యాలయ్య వెనక మోకాళ్లమీద కూర్చుని, అతని వీపును తన ఛాతీకి ఆనించుకుని నిటారుగా పట్టుకుంది. అతని ప్రతి ఊపిరినీ తన ఊపిరితో కలిపి లాగింది. అట్లా లాగితే అతనికి సాయమవుతుందని ఎవరూ చెప్పలేదు. ఊరుకుంటే ఆగిపోతుందేమోనని భయం.

అరగంటకు ఆటో వచ్చింది. పొగ కక్కే కారును తప్పించి, గట్టు మీదుగా తిప్పుకుని కొట్టం ముందు ఆపాడు గంగులయ్య. మోకాళ్లదాకా బురద. ముత్యాలయ్యను చంకల కింద పట్టుకుని పైకెత్తాడు. వెనక సీటుమీద దుప్పటి పరిచి ఉంది. కింద, కాళ్ల దగ్గర, ఇంట్లో బట్టలు నానబెట్టే ప్లాస్టిక్కు బేసిను.

ముత్యాలయ్య ఆ బేసినును చూశాడు. గంగులయ్యను చూశాడు.

"పెళ్లి బాడుగ... లేదా... ఈ రోజు?"

"లేదన్నా. మాట్లాడబాక."

కావలి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. హరినాథ్ గుమ్మందగ్గరే ఆక్సిజను పట్టుకుని నిలబడ్డాడు. బరువు చూస్తే నాలుగున్నర కిలోల నీళ్లు ఎక్కువున్నాయి. తలుపు మూసేశారు. వనజాక్షి బయట బల్లమీద కూర్చుంది. చీరనుంచి నీళ్లు కారి బల్లకింద మడుగు కట్టాయి. గంగులయ్య పోలేదు. రెండు టీలు తెచ్చి ఒకటి ఆమెకిచ్చాడు.

పదకొండు దాటాక హరినాథ్ తల బయట పెట్టి, "ఊపిరి కుదురుకుంది, ఇంకో రెండు గంటలు ఉంచుతాం," అని చెప్పి పోయాడు. అప్పుడు గంగులయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఒకటడుగుతా, ఇంకో రకంగా అనుకోబాకక్కా. ఆ డబ్బుకి నా ఆటోలాంటివి రెండు వస్తాయి. ఇంత పెట్టి కొన్నారే, ఏమన్నా గిట్టిందా అది?"

ఎత్తిపొడుపుగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"నలభై ఒక్కసార్లు ఇంటిదాకా నిద్రపోయినాడు," అంది వనజాక్షి.

గంగులయ్య గ్లాసు కింద పెట్టాడు. "ఆ రోజు నేను ఆపకుండా ఇంటిదాకా వచ్చుంటే మీరది కొనే పని లేదు."

ఆమె తన గ్లాసు ఖాళీ చేసి అతని గ్లాసు పక్కన పెట్టింది.

సాయంత్రం ఫ్రెడ్డీ ఫోన్ చేశాడు. కారును లారీమీద ఎక్కించి నెల్లూరు తీసుకుపోయారట. డబ్బా ఇప్పితే లోపలంతా తెల్లగా పేరుకుని ఉందట. "ఉప్పు లోపలికి పొయ్యిందక్కా," అన్నాడు. హరినాథ్ చెప్పిన మాటే అది, అదే వరసలో. ఫ్రెడ్డీ ఇంకా చెబుతున్నాడు. "డబ్బా మార్చాలంటే మూడు లక్షలు. గ్యారంటీ కాయితంలో ఏం రాయమంటావు?"

"ఉన్నదే రాయి నాయనా."

"అది కాదక్కా." అతని గొంతులో ఇప్పుడు కోపం ఉంది, కుర్రవాళ్లకు వచ్చే కోపం. "మంగళవారం నేను అడిగినప్పుడు చెప్పుంటే, ఇప్పి, కడిగి, ఆరబెట్టి, రెండు ముక్కలు మార్చేవాణ్ణి. పదివేలతో పొయ్యేది. వారం రోజుల పని. ఒక్క వారం."

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. ముత్యాలయ్యకు చెప్పలేదు, పోలేరమ్మకు అసలే చెప్పలేదు. శనివారం, ఆదివారం గంప ఎత్తుకుని ఊళ్లు తిరిగింది. చేప తూచేటప్పుడు, చిల్లర ఇచ్చేటప్పుడు, ఒక్క వారం, ఒక్క వారం అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు. కొనేందుకు మూడు లక్షలు లేవు. అమ్మేందుకు పడవ లేదు.

సోమవారం పొద్దున వాన వెలిసింది. గంగులయ్య ఆటో ఇంటిముందుకే వచ్చింది. ముత్యాలయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వాకిట్లోకి వచ్చాడు. పందిరి కింద మగవాళ్లు చేతులాపి చూస్తున్నారు. ఈసారి తమ ఇంటి బేసినును ఎవరినీ పట్టుకోనివ్వకుండా తనే చంకలో పెట్టుకుని ఆటో దగ్గరికి నడిచాడు. నాలుగు అడుగులకు ఒకసారి ఆగాడు.

అప్పుడు పోలేరమ్మ ఎదురొచ్చింది. చేతిలో చెంబు, చెంబులో సముద్రపు నీళ్లు.

"ఆగు గంగులయ్యా. ఇప్పుడు నా కొడుకు నీ బండిలో పోతుండాడు. దీన్ని ఒకసారి ఒడ్డుకు తీసకపో. మూడు అలలు తగలనీ." కోడలివైపు తిరిగి ఆమె గడ్డం పట్టుకుంది. "చెంబుడు చాలని ఆ రోజు తప్పన్నా అమ్మీ. నువ్వు పట్టుబట్టి మూడు అలలూ పెట్టించబట్టే మొన్న వాడు బతికినాడు. ఆ బండి తను కాలిపోయి వాణ్ణి దించింది. తల్లి మాటిచ్చింది, నిలబెట్టుకుంది."

గంగులయ్య వనజాక్షి వంక చూశాడు. పందిరి కింద మగవాళ్లు మళ్లీ వలల మీదికి వంగారు. ముత్యాలయ్య కూడా ఆమె వైపే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత బేసినును ఆటోలో పెట్టి తనూ ఎక్కాడు.

వనజాక్షి అత్త చేతిలోంచి చెంబు తీసుకుంది. చేతివేళ్లు ముంచి, ముందు చక్రం మీద నాలుగు చుక్కలు చల్లింది. అంతకంటే పైకి ఒక్క చుక్క పడకుండా చూసుకుంది. మిగిలిన నీళ్లు ఇసకలో పారబోసి, ఖాళీ చెంబు తిరిగి ఇచ్చింది.

"నువ్వన్నదే సరైందత్తా," అంది. "ఇంత చాలు."

ఆటో కదిలింది. గుంటలు తప్పించుకుంటూ గంగులయ్య మెల్లిగా నడిపాడు. అయినా ప్రతి కుదుపుకూ ముత్యాలయ్యకు మెలకువ వస్తూనే ఉంది.